మూలపురుషుడి బల్ల

స్విట్జర్లాండ్‌లో వాచీల తయారీకి పేరుపడ్డ జూ అనే లోయ. ఓడెట్ గిన్యార్ అనే ముసలావిడ ఇంటి వెనక కొట్టంలో, ఆవిడా, జెనీవా నుంచి వచ్చిన మోర్వాల్ వాచీల కంపెనీ వారసత్వ విభాగం అధికారి బాస్టియనూ.

"తాకకండి అమ్మగారూ, మీ చేతికి వెన్న ఉంది."

"మా ఇంటి బల్లని నేను తాకకూడదా?"

"అలా అని కాదు. మా కంపెనీ మూలపురుషుడు మొదటి వాచీ చేసింది దీనిమీదే కదా. ఈ గాట్లు చూడండి. నాకు ఒళ్ళు జలదరిస్తోంది. ఒక్కో గాటూ ఒక్కో ఆలోచన."

"బాగా గట్టిగా ఆలోచించేవాడన్నమాట."

"అంచు వెంట ఈ గాడి ఎందుకో తెలుసా? చిన్న చిన్న మరలు దొర్లి కింద పడకుండా. ఎంత ముందుచూపు."

"కాస్త కిందికి ఉన్నట్టు లేదూ బల్ల?"

"ఆ కాలం మనుషులు పొట్టి అమ్మగారూ."

"ఇవన్నీ జెనీవాలో నేర్పుతారా?"

"మా విభాగంలో నేర్పుతారు."

"మీ కంపెనీ మూతపడి చాలా ఏళ్ళయిందిగా. మళ్ళీ ఎక్కణ్ణుంచి లేచింది?"

"మా యజమాని ఈమధ్యే ఆ పేరు కొన్నారు."

"పేరు కొంటే తాత కూడా వస్తాడా?"

"తాతని వెతికి తేవడమే మా పని. తాత దొరికాడు, తాత బొమ్మ దొరికింది, పాత వాచీలూ దొరికాయి. తాత బల్లే మిగిలింది. అది చివరికి మీ ఆయన దగ్గరికి చేరిందని ఊళ్ళో చెప్పారు. రేపే మ్యూజియం తెరుస్తున్నారు. బల్ల లేకుండా వెళ్ళానంటే నా ఉద్యోగం ఊడుతుంది. మీరు ఎంత అడిగినా..."

"డబ్బు నాకెందుకు? బల్ల మీద ఇత్తడి రేకు కొడతారుగా, దానిమీద మా ఆయన పేరుండాలి. సిప్రియన్ గిన్యార్, బతుకంతా మోర్వాల్ వాచీలు చేశాడు అని."

"మూలపురుషుడి పక్కన పనివాడి పేరా? ఎవరికి కావాలండీ అది?"

"నాకు కావాలి. బ్యాటరీ వాచీలొచ్చి ఫ్యాక్టరీ తలుపులు మూసిన రోజు ఆయన చేతిలో ఏం పెట్టారో తెలుసా? ఏమీ పెట్టలేదు. నీ బల్ల నువ్వు పట్టుకుపో అన్నారు. ఆ పూట నుంచి మనిషి సరిగ్గా మాట్లాడిందే లేదు."

"అది పాత యాజమాన్యం. మాకేం సంబంధం?"

"తాత మీవాడు. మా ఆయన్ని గెంటినవాడు మాత్రం మీవాడు కాదు."

"వారసత్వం అన్నాక ఏరుకోవాలిగా అమ్మగారూ."

"ఏరుకో. బల్ల మాత్రం ఇక్కడే ఉంటుంది."

"ఉండండి, ఉండండి. ఫోన్ చేస్తాను... హలో, సర్. దొరికింది సర్. అద్భుతం. ఒకటే చిక్కు... డబ్బు కాదు సర్, పేరు... ఆవిడ భర్తది... పనివాడే సర్... ఏమిటీ, పనివాడైతే ఇంకా మంచిదా? జనానికి కన్నీళ్ళొస్తాయా? అవును సర్, వస్తాయి సర్... పత్రికలవాళ్ళకి ఇప్పుడే పంపేస్తారా? మంచిది సర్."

"ఏమన్నాడు?"

"ఒప్పుకున్నారు. రేకు చెక్కడానికి ఇచ్చేస్తున్నారు. పేరు పెద్ద అక్షరాల్లో."

"ఏదీ, సరిగ్గా రాశారో లేదో చూడనీ."

"ఇదిగో, ఇప్పుడే పంపారు, ఫోన్లో చూడండి. సిప్రియన్ గిన్యార్. పత్రికల్లోనూ ఇలాగే వస్తుంది. ఇక మారదు."

"ఇక మారదా?"

"దేశమంతా చూసేశాక ఎలా మారుస్తామండీ?"

"అయితే చెప్తాను విను. ఆయన ఇంటికి తెచ్చుకున్న బల్ల లేదు. ఆ చలికాలమే గొడ్డలితో ముక్కలు చేసి పొయ్యిలో పెట్టాడు. మోర్వాల్ వాళ్ళవల్ల ఇన్నాళ్ళకి ఒళ్ళు వెచ్చబడింది అన్నాడు. ఆఖరిసారి నవ్వింది అప్పుడే."

"మరి... మరి ఇది?"

"పందుల్ని కోసే బల్ల. ఆ గాడి నెత్తురు కారడానికి."

"అమ్మగారూ. నా కొంప ముంచారు. తాత బొమ్మ కూడా నిజానికి... అది తాతది కాదు, ఎవరో నోటరీది. పాత వాచీలు మొన్న చేయించినవి. ఇప్పుడు బల్ల కూడానా? రేపు ఆ గదిలో ఒక్కటైనా అసలుది ఉండొద్దా?"

"ఉంటుందిగా నాయనా, సిప్రియన్ పేరు."