ఫొటోలకే కాపలా పెట్టా మామా

కంప్యూటర్ని కొడితే ఏమొస్తది? దాని తప్పేముంది? కూర్చో జ్ఞానయ్య మామా. మా స్టూడియో ఓనరు సాహెబ్ నమాజుకి పోయాడు. ఆయనొచ్చేలోపు నేనే చెప్తా.

ఇదిగో, మీ పెద్దమ్మాయి పెళ్ళి వీడియో. పేరుంది, నొక్కితే తెరుచుకోదు. మీదొక్కటే కాదు, రెండేళ్ళుగా మాచర్లలో మేం తీసిన పెళ్ళిళ్ళన్నీ ఇంతే. వైరస్సొచ్చి తాళాలేసి పోయింది. గుంటూరు తీసుకుపోయి చూపించాం. ఇంక రావన్నారు.

ఏంది, కెమెరాలో ఉండదా? ఉండదు మామా. ఆ కార్డు తుడిచేసి మర్నాడే ఇంకో పెళ్ళికి పట్టుకుపోతాం. మా పనే అంత.

తెలుసు. చర్చిలో సువార్తమ్మత్త పాడిన పాట అందులోనే ఉందని నాకు తెలీదా? పాస్టరు గారు ఫోన్లు తీయొద్దన్నారు, మా కెమెరా ఒక్కటే పట్టుకుంది. అత్తని పూడ్చిన రోజు నువ్వన్న మాట కూడా విన్నా. "గొంతు స్టూడియోలో ఉందిలే, తెచ్చుకుంటా" అన్నావే!

పోయిన నెల యాంటీవైరస్ వేశాం. అన్నీ వెతకమంటే ఈ ముసలి కంప్యూటర్ పొద్దంతా మూలుగుద్ది, ఆల్బమ్ పని సాగదు. ఏ రకం ఫైళ్ళు చూడాలో నువ్వే టిక్కు పెట్టు అంది. చానా పెద్ద లిస్టు. ఇంటర్ తప్పినోణ్ణి, నాకేం తెలుసు?

ఫొటోలకి పెట్టా. వీడియోలకి పెట్టా. మిగతావన్నీ తీసేశా. ప్రోగ్రాములంట, వాటినెవడు ఎత్తుకుపోతాడు? నవ్వే మొహాలకి కాపలా ఉంటే చాలనుకున్నా. వచ్చేవాడు ఆ ప్రోగ్రాముల్లోంచే వస్తాడని ఎవరు చెప్పారు మామా?

ఎవరో పెన్‌డ్రైవులో ఆల్బమ్ డిజైన్ల ప్రోగ్రాం తెచ్చారు. నొక్కా. నేను టిక్కు తీసిన రకమే. దాన్ని ఆపేవాళ్ళు లేరు.

ఆఁ? వీడియో ఎక్కించమని మీరిచ్చిన పెన్‌డ్రైవా?

అదడుగుతావనే భయపడతన్నా.

ఇదిగో. ఈ సొరుగులోనే ఉంది, ఖాళీగా. పెళ్ళైన వారానికే వీడియో తయారైంది. ఎక్కించడం పది నిమిషాల పని. మీ చిన్నమ్మాయి రోహిణి వచ్చి అడిగింది. రంగులు సరిచేయాలి, మంగళవారం రా అన్నా. వచ్చింది. శుక్రవారం రా అన్నా. మళ్ళీ వచ్చింది.

అబద్ధం మామా. రంగులన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎండలో నడిచొచ్చి, ఆ స్టూలు మీద కూర్చుని, చున్నీతో మొహం తుడుచుకుని, "ఇంకా కాలేదా, ఏం మనుషులయ్యా మీరు?" అని నవ్వేది. ఆ మాట కోసం వారమంతా ఎదురుచూసేవాణ్ణి. ఇచ్చేస్తే ఇంక రాదుగా?

నాలుగోసారి నవ్వలేదు. స్టూలు మీద కూర్చోలేదు. "అమ్మ ఆస్పత్రిలో ఉంది, తన పాట ఒక్కసారి వింటానంటంది, ఇయ్యవా?" అంది.

ఆ రోజుకి ఇంకా వైరస్ రాలేదు మామా. పాట ఇక్కడే ఉంది.

శుక్రవారం రా అన్నా.