కిటికీ పెట్టని గోడ

వల్పరాయిసో అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో, కొండమీద ఒక పాత రేకుల ఇంటి ముందు, ఆ ఇంటి ముసలావిడా, ఆ ఇంటి గోడమీద బొమ్మ వేసిన అమ్మాయీ మాట్లాడుకుంటున్నారు.

"కిటికీ ఇంకా పెట్టించలేదేం అత్తా? మామ మంచం మీంచే సముద్రం చూడాలన్నాడుగా!"

"ఎలా పెట్టించనే? నిరుడేమో పాత ఇల్లు ఊరి సొత్తు, గోడ కొయ్యొద్దన్నారు మునిసిపాలిటీ ఆఫీసువాళ్ళు. ఇప్పుడు ఇల్లు సరేగానీ, నీ బొమ్మ కొయ్యొద్దంటున్నారు."

"నా బొమ్మా? దాంతో ఇల్లు పాడుచేశానని తిట్టింది వాళ్ళేగా!"

"ఇప్పుడదీ ఊరి సొత్తేనట. నాకంతా అయోమయంగా ఉంది."

"వేసింది నేనే కదా, నేనే కోసేస్తాను."

"వద్దే. మంచాన పడకముందు మామ రోజూ దాన్ని చూసి మురిసిపోయేవాడు."

"మరి సముద్రం?"

"అదీ కావాలి."

"అయితే ఏం చేద్దామంటావ్?"

"ఏమో! ముందు లోపలికొచ్చి మంచం ఆ చివర పట్టు, మామని వాకిట్లోకి తెద్దాం. ఈ పూటకి రెండూ చూస్తాడు."