వాడకట్టంతా ఒక్క మెయిలే

హలో… ఆ, నేనే, రామేశ్వరమ్మను. జర గట్టిగ మాట్లాడు బిడ్డా, మగ్గాల సప్పుడుకు ఇనొస్తలేదు… ఆగు, బయటికొస్త.

ఆ, చెప్పు భవ్యశ్రీ. మా చీరల వెబ్‌సైటు చేసిందే నువ్వు. నీకు గాక ఎవలికి చెప్పుకోవాలె?

మొన్నటిదాంక ఫోన్ నంబరు కొడితే నా ఆర్డర్లు నాకు కనవడుతుండె. ఇప్పుడు గూగుల్ బటన్ పెట్టినవ్… మా మంచికే పెట్టినవ్, కాదన్ననా? అది ఒత్తితే మా వాడకట్టు హన్మక్కయి, బాలనాగమ్మయి, నాయి, ఆర్డర్లన్నీ ఒక్కతాననే ఉన్నయ్!

…మెయిలా? నాకేం తెల్వదు. ఫోను కొన్ననాడు గద్వాలల సెల్లు షాపాయన పెట్టిచ్చిండు.

…ఆ, వాళ్లు గూడ ఆడనే కొన్నరు. మా వాడకట్టంత ఆడనే.

…ఏందీ? అందరికి ఆయన మెయిలే పెట్టిండా!… మెయిలు ఒకటైతే మనిషి గూడ ఒకటే అనుకుంటదా అది?… మాకెట్ల తెలుస్తది బిడ్డా! ఫోను నడిస్తే సాలనుకున్నం.

…ఎవలయి వాళ్లకు తర్వాత విడగొడుదువు గాని. ముందుగాల నేను నేస్తున్న పెండ్లి చీర సంగతి చూడు. అచ్చంపేటామె ఆర్డరు. రద్దని వస్తుంది. సగం నేసిన! నేనేం తప్పు జేసిన?

…జవాబా? నేనేం పంపలే, ఒట్టు. ఏముందో చదువు.

…“పెండ్లికి చీర అందుతదా అమ్మా”… ఆ, అడుగుతది గద. దానికి?

…“అందదు తల్లీ, ఇంక మగ్గమే ఎక్కలే, వేరేతాన చూస్కో”…

అయ్యో.

హన్మక్క. ఆమెకాడ గూడ ఒక పెండ్లి చీరుంది. తన గిరాకే అనుకొని ఉన్నమాట చెప్పింది, పాపం.

…అచ్చంపేటామెకు ఫోన్ చేసినవా?… వేరేది కొనుక్కుందా… అయిపాయె. అంచు పొడుగూత పెండ్లిపిల్ల పేరు నేయమంటే నేసిన, బిడ్డా. పూజ అని. ఆ చీర ఇంకెవలు కట్టుకుంటరు?

…హన్మక్కను అడగాల్నా? ఏమని అడుగుదు? ఈ అంచుకు ఇద్దరు గావాలె. నేనొక దిక్కు, ఆమె ఒక దిక్కు. నా చీర జల్ది పూర్తి కావాలని తన పని పక్కకు పెట్టి వస్తున్నది. గందుకే గద, ఆమెది ఇంక మగ్గం ఎక్కలే.

…ఇప్పుడా? లోపల్నే కూసుంది. నా కోసం చూస్తుంది.

…ఊకో బిడ్డా, నువ్వేడిస్తే నేనేం చేస్త?…

ఆ హన్మక్కా, వస్తున్న!… ఎవల్లేరు, ఊకెనే… ఆ, అంచుల పేరు ఆడికి ఆపొద్దులే, నేద్దాం…

పెట్టేస్తున్న బిడ్డా.