నంబర్ ప్లేటు వెనక స్పాంజి

ఎర్ర లైటు దావూదూ, ఎర్ర లైటు! నిన్న సాయంత్రం నుంచి నన్నే గుడ్లురిమి చూస్తాంది. కార్లో పాటా లేదు, మోతా లేదు. ముద్దనూరు కాడ మా ఊరు వదిలినప్పట్నుంచి నీ ప్రొద్దుటూరు అంగడి దాకా నా ఇంజను చప్పుడు నేనే వినుకుంటా వచ్చినా. పొద్దుగూకే లోపల బాగుచేసియ్యల్ల నాయనా. రేపంటే కుదరదు.

ఏందా చూపు? సరే, నేనే గెలికినా. సీటు కింద ఆ లైటుండే ఆంప్లిఫయర్ పెట్టె మూత తీసి స్క్రూడ్రైవర్ పెట్టినా. చిన్నది దొరకల్యా, బోరు స్టార్టర్ విప్పే పెద్దది పెట్టినా. నవ్వు. నీ నవ్వు అయిపోయేదాకా ఈ కుర్చీలో కూచుంటా.

శుక్రవారం అంత చక్కగా చేసిస్తే మల్లా ఏమిటికి గెలికినావన్నా, అనే గదా నీ బాధ? చెప్తా. చెప్పకుంటే నువ్వు నేను అడిగింది చెయ్యవు.

మూన్నెల్ల కింద నేను మొదట వచ్చినప్పుడు ఏమడిగినా? పన్నెండించుల సబ్‌వూఫర్ అడిగినా. ఎనిమిది చాలన్నా, నీకు యాభైనాలుగేండ్లు అంటివి. విన్న్యానా? డబ్బా మొగం డిక్కీ తలుపు దిక్కు పెడతానంటివి. వద్దు, నా వీపు దిక్కే పెట్టు, నేను కొన్న సౌండు నాకే తగలల్ల అంటి. సౌండంటే చెనిక్కాయల మూట అనుకున్నా అప్పా, యాడ దించితే ఆడ్నే ఉంటాదని!

తీరా చూస్తే నా సీట్లో మోతే లేదు. వెనక కూచున్న మా ఇంటామెకు పండ్లు కదుల్తాండాయంట, నాకు చీమ నడిచినట్టన్నా లేదు. ఇంగేం చేస్తా? నాబ్ తిప్పినా. ఇంకా తిప్పినా. కొసాకు తిప్పినా. దెబ్బకు డిక్కీ మూత గడగడ, నంబర్ ప్లేటు గడగడ. నాకు తప్ప ఊరందరికీ ఇనపడె. ఆదినారాయణ ఏ సందు మలుపుకొచ్చినాడో ఇంట్లో కూచున్నోళ్ళు గూడా చెప్తారు.

అప్పుడే నీకాడికి రావచ్చు. రాల్యా. అదే బాగుండాది అనుకున్నా.

మా అన్న ఉండాడు, ఓబులేసు. నా ఇంటికి పోవల్లంటే ఆయన ఇంటి ముందర్నే పోవల్ల, వేరే దావ లేదు. ఆరేండ్లాయ మాకు మాటల్లేక. ఏమిటికంటే, మా ఇద్దరి చీనీ తోటలకూ బోరు ఒగటే. నీళ్ళకు వంతులు. ఒగ ఎండాకాలం నా వంతు అయిపోయినా నేను మోటరు ఆపల్యా. ఆయన చెట్లు పదకొండు ఎండిపాయ. కాపుకొచ్చిన చెట్లు. ఆయనొచ్చి ఒగ మాట అనె. నేను నాలుగంటి.

తప్పు నాదేలే. ఇప్పుడు ఒప్పుకుంటాండా గదా, నీ అంగట్లో, ఈ ఎర్ర లైటు ముందర. ఆయన ముందర ఒప్పుకోల్యా. దానికి గుండె కావల్ల. నాకాడుండేది పన్నెండించుల డబ్బా.

మాటల్లేవు గాబట్టి మోతన్నా ఇనిపిద్దామని నా తెలివి. మొదటి దినమే ఆయన బయటికొచ్చె. ఎంగిలి చెయ్యి, భుజాన తువ్వాల. తిన్నె మీద నిలబడి కారు దిక్కు చూసె. నాకు పండగ! మండుతాంది ముసలాయనకు అనుకున్నా. రెండో దినమూ వచ్చె. మూడో దినమూ వచ్చె. మూన్నెల్లూ ఒగ దినం తప్పల్యా. పొద్దుగూకేటప్పుడు నేను తోటకాడ్నుంచి వస్తా, ఆయనొచ్చి నిలబడతాడు, నేను మీసం తిప్పుకుంటా పోతా. మలుపు తిరిగేదాకా అద్దంలో ఆయన్నే చూసుకుంటా పోతా.

మరి శుక్రవారం ఏమిటికి బాగుచేయించుకున్నావంటావు. మా ఇంటామె పోరు. ప్లేటు రాలితే పోలీసులు ఆపుతారు, నా పండ్లు రాలితే ఎవురాపుతారు అనె. సరే అని వస్తి.

నువ్వేం చేసినావప్పా! నన్ను సీట్లో కూచోబెట్టి ఒగే డప్పు మోత పదిసార్లు ఏసినావు. డబ్బా తోసేటప్పుడు డోర్ల స్పీకర్లు గుంజుతాండాయన్నా, నీ సీటు కాడికొచ్చి ఒగదాన్నొగటి తినేస్తాండాయి అంటివి. ఒగ చిన్న బటన్ అట్నుంచి ఇటు నూకితివి. అంతే, మోతొచ్చి నా గుండెకాడ కూచునె! సగం నాబ్‌కే! డబ్బా మొగం వెనక్కి తిప్పితివి, డిక్కీ మూతకు నల్ల షీటు అతికిస్తివి, నంబర్ ప్లేటు వెనక స్పాంజి పెడితివి. లోపల కల్యాణం, బయట నిమ్మళం. నీకు టీ గూడా తాపిచ్చినా. తాపిచ్చినానా లేదా?

ఆ సాయంత్రం అన్న ఇంటి ముందర్నుంచి పోయినా. తిన్నె మీద ఎవురూ లేరు.

శనివారం నిదానం చేసినా. లేరు. ఆదివారం రెండుసార్లు పోయినా, బీడీలు మర్చిపోతినని సాకు చెప్పుకోని. ఎవురికి చెప్పుకున్నా? నాకే. బీడీలు మాని పదేండ్లాయ. సౌండు పెంచి చూసినా. నా చెవులు గుయ్యిమంటాండాయి గానీ ఆ గడగడ యాడొస్తాది? నువ్వు దాని గొంతు మీద స్పాంజి పెడితివి గదా.

హారన్ కొట్టొచ్చు గదా అంటావా? నువ్వు ప్రొద్దుటూరోనివి, నీకేం తెలుసు. మాటల్లేని ఇంటి ముందర హారన్ కొడితే పిల్చినట్టు. పిల్చినోడు ఓడినట్టు. పెండ్లికైనా, చావుకైనా మేము ఇంకో మనిషితోనే చెప్పంపుకుంటాం. పాట అట్ల గాదు. పాట ఎవుర్నీ పిలవదు. నా పాటికి నేను ఇంటాండా, ఆయన పాటికి ఆయన బయటికొచ్చినాడు. ఎవురూ ఓడల్యా.

నిన్న మా వదిన రమణమ్మ మా ఇంటికొచ్చె. ఆడోళ్ళు మాటలు యాపొద్దూ మానల్యాలే. నేను లోపల మంచం మీద ఉండా. ఆమె మా ఇంటామెను అడుగుతాంది. "ఏమ్మా, మా మరిదికి ఒంట్లో బాగలేదా? నాలుగు దినాలాయ కారు మోత లేక. మీ బావ సంగటి ముందర పెట్టుకోని తినకుండా చెవులు నిక్కించుకోని కూచుంటాడు. దినామూ ఆ గడగడ ఇనపడంగానే లేచిపోయి చూసొస్తాండె. వాడు ఇల్లు చేరినాడులే, ఆ కరెంటు ఫ్యాక్టరీ బూడిద లారీల రోడ్డు మంచిది గాదు అని, అప్పుడు తింటాండె. నన్నే పోయి చూసి రమ్మనె" అని.

ఆయన ముద్ద వదిలిపెట్టి నేను బతికొచ్చినానా లేదా అని లేచొస్తాంటే, మండుతాందని నేను మీసం తిప్పుకున్నా. మూన్నెల్లు! ఇట్లాంటోన్ని యాడన్నా చూసినావా దావూదూ?

అందుకే స్క్రూడ్రైవర్ పట్టినా, పాతమాదిరి చేద్దామని. చెడగొట్టను గూడా చేతగాల్యా. ఆ పదకొండు చెట్లు చెడగొట్టను మాత్రం ఎంత సుళువుగా చేతనాయనో!

పోయి మాట్లాడరాదా అని చూస్తాండావు. ఆ చూపొద్దు. పొద్దున పోయినా. తిన్నె దాకా పోయినా. వాళ్ళ కుక్కను పలకరించి వచ్చినా. అంతే నా మగతనం.

కాబట్టి ఆ ఎర్ర లైటు తీసెయ్. బటన్ పాతదిక్కు నూకు. డబ్బా నా వీపు దిక్కు తిప్పు. షీటు పీకు, ఆ స్పాంజి పీకు. తెలుసులే, నా సీటుకు మోత రాదు, రాకపోనీ. ఎవురన్నా అడిగితే దావూద్ పని బాగనే చేసినాడు, ఆ ఆదినారాయణకే చెవుల్లేవని చెప్పు.

లెయ్ నాయనా, బిరీన కానీ. ఆయన సంగటి చల్లారిపోతాది.