అమ్మని పైకి తీసే రోజు

హలో… ఆఁ ఫోటీ, నేనేరా, మీ అక్కనే. నీ మెసేజ్ చూశాను. ఏడు ప్రశ్నలు! ఒక్కోటే చెప్తా, విను.

…సముద్రంలో నీళ్ళా? జూన్ కదా, ఇంకా చల్లగానే ఉంటాయి. పిల్లలు దిగుతారు. మీ ఆవిడ మోకాళ్ళ దాకా దిగి కేకలేస్తుంది.

…అబ్బే, వెటకారం కాదులే.

…సముద్రపొడ్డున వపోరియా పేటలో గదులా? సముద్రం కిటికీలోకే రావాలేం! ఎర్మూపోలిలో పుట్టినవాడివి, ఎర్మూపోలిలో హోటల్ వెతుక్కుంటున్నావు… సరే, దిగు. పిల్లలకి పాత నాటకశాల చూపించు. లుకూమి మిఠాయి కొనిపెట్టు. ఏథెన్స్ నుంచి వచ్చే దొరలందరూ చేసేది అదేగా.

…మిగతా అయిదూ మెసేజ్‌లో రాస్తాలే. ఎనిమిదో ప్రశ్న లేదేం?

…ఏదా? అమ్మ సంగతిరా!

గురువారం. పొద్దున్న ఎనిమిదింటికి. మూడేళ్ళు నిండితే సమాధి తవ్వి, ఎముకలు వైన్‌తో కడిగి పెట్టెలో పెట్టి, చోటు ఖాళీ చెయ్యాలని నీకు కొత్తగా చెప్పాలా? రెండుసార్లు వాయిదా వేయించావు. ఒకసారి పిల్లాడి పరీక్షలన్నావు, ఒకసారి నీ నడుం నొప్పన్నావు. ఇక కుదరదని శ్మశానం ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఈ గురువారం దాటితే అమ్మ ఎముకలు ఊరందరి ఎముకల గుంటలోకి పోతాయి.

…నీ ఓడ ఎన్నింటికి? …పన్నెండున్నరకా? …గురువారమే?

ఎనిమిదింటికి పనైతే పన్నెండున్నరకి దిగుతావా? లెక్కల మాస్టారివి కూడానూ!

…ముందు రోజు టికెట్లు లేవా? ఎవరు చెప్పారు? రేవులో టికెట్లమ్మేది మన పిన్ని కూతురేరా. అడిగాను. బుధవారం ఓడ సగం ఖాళీ అంది.

…ఏమిటీ? గట్టిగా చెప్పు.

…భయమా.

…అమ్మ మొహమే గుర్తుండిపోవాలా. ఊఁ.

మరి నాకు ఉండక్కర్లేదా? నేనేమన్నా రాతిదాన్నా? అక్కడ తవ్వేవాడు పార ఎత్తితే చూడగలనో లేదో నాకే తెలీదు.

…చర్చి ఫాదర్ ఉంటే చాలా? ఆయన అమ్మకి కొడుకా?

…చూడద్దు. నిన్నెవరు చూడమన్నారు? కళ్ళు మూసుకో. వైన్ నేను పోస్తాను, ఎముకలు నేను కడుగుతాను. నువ్వు ఊరికే నా పక్కన నిలబడు. నా మోచెయ్యి పట్టుకో, చాలు.

…అసహ్యమా? ఛీ, ఆ మాట అనకు. మనిద్దరి ముడ్లూ కడిగిందిరా అమ్మ. నాన్న ఏడాదిలో పది నెలలు సముద్రం మీదుంటే, ఒక్కర్తే. ఒక్క పొద్దున్న మనం ఆవిణ్ణి కడగలేమా?

…హలో? ఫోటీ?

…ముక్కు చీదుకుని మాట్లాడు, ఒక్క ముక్క అర్థం కావట్లేదు.

…బుధవారం ఓడకా? ఒక్కడివేనా? …వాళ్ళు మర్నాడొస్తారా. సరే. అదీ మంచిదే.

…రేవుకి నేనొస్తాలే. …నీకోసం కాదు, ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చోలేకపోతున్నాను.

పెట్టేస్తున్నా.