పక్కింటి కుర్చీలు

ఈస్టర్ విందు ముగిసి చుట్టాలంతా వెళ్లిపోయారు. తెల్లవారుజాము ఆరాధన మొదలు నిలువుకాళ్ల మీదే ఉన్న ఇల్లాలు, ఇప్పుడే గోడకు చేరగిలబడి కాళ్లు చాపింది. పక్కింటి పెద్దాయన కుర్చీలు తిరిగిచ్చి వస్తానని వెళ్లిన భర్త, చేతిలోని మొదటి కుర్చీతోనే వెనక్కి వచ్చాడు.

“ఏంటండీ, ఆయన ఇంట్లో లేరా?”

“ఉన్నారు. వంటింటి గట్టు దగ్గర నిలబడి అన్నం తింటున్నారు. మొహం చెల్లక గుమ్మంలోంచే వచ్చేశా.”

“నిలబడి తినడమేంటి?”

“ఉన్న నాలుగు కుర్చీలూ మనకే ఇచ్చేశారుగా.”

“ఒకటైనా ఉంచుకోవచ్చు కదా!”

“ఉన్నవన్నీ ఇవ్వండి బాబాయ్‌గారూ అన్నది నువ్వే.”

“అన్నాను. మరి భోజనానికి రమ్మని మీరు చెప్పలేదా?”

“నువ్వు చెప్పావనుకున్నా.”

“నేను మీరు చెప్పారనుకున్నా.”

భర్త చేతిలోని కుర్చీ గోడవారగా దించాడు.

“పొద్దున పాస్టరుగారు పొరుగువాణ్ణి ప్రేమించమంటుంటే తెగ తలూపారు మీరు.”

“అది కునికిపాటే.”

ఆవిడకి నవ్వే ఓపిక కూడా లేదు.

“కూరేమైనా మిగిలిందా?” అన్నాడు భర్త.

“నాకని తీసి పెట్టుకున్నదే. ఇంకా తినలేదు.”

“అయితే తిని పడుకో. వచ్చే ఏడు తప్పకుండా పిలుద్దాం.”

“అప్పటిదాకా ఆయన్ని నిలబెడతారా? ఆ కుర్చీ బల్ల దగ్గర వేసి, కూర వెచ్చబెట్టండి. ఇద్దరికి సరిపోతుంది.”

“నువ్వు కూర్చో, నేను పిలుచుకొస్తా.”

“వద్దు,” అంటూ ఆవిడ గోడ పట్టుకుని లేచింది. “కుర్చీల కోసం ఆ గుమ్మం ఎక్కింది నేను. భోజనానికి పిలవడానికీ నేనే ఎక్కాలి.”