పళ్ళు లేని కారు

నువ్వే చెప్పు వదినా, ముందేదో వెనకేదో తెలీకుండా కారు చేసినవాళ్ళని ఒక్క మాట అనవు, దానికి కవరు కుట్టిన నన్ను మాత్రం గుమ్మంలోనే కడిగిపారేస్తావేం?

ముందా కత్తెర కింద పెట్టు. భయమేస్తోంది.

నాకు బుద్ధెరిగాక చూసిన కార్లన్నిటికీ మొహం ఉంది. రెండు కళ్ళు, మధ్యలో జాలీ, అదే పళ్ళ వరస. ఎదురొస్తోందో వెళ్ళిపోతోందో వీధి చివర్నుంచే తెలిసేది. ఈ కరెంటు కారుకి ఏముందీ? ఇంజనే లేదట, గాలి పీల్చక్కర్లేదట, అందుకని జాలీ ఎత్తేశారట! ఇటు చూస్తే నున్నగా, అడ్డంగా ఓ దీపాల పట్టీ. అటు చూస్తే మళ్ళీ నున్నగా, మళ్ళీ పట్టీ. పొట్టు తీసిన ఉడకబెట్టిన గుడ్డు! గుడ్డుకి ముందేంటి, వెనకేంటి?

లోపల స్టీరింగ్ చూసుకోవాల్సిందంటావా? అద్దాలన్నీ నల్లగా ఉంటే ఏం కనపడుతుంది నా మొహం తప్ప? తలుపు పిడి కూడా ఒంట్లోకే దాచేసుకుంది మహాతల్లి.

అన్నయ్య కాలు బెణికి మంచమెక్కబట్టి కదా, మిషను ముందు నుంచి నన్ను లేపి, టేపు చేతికిచ్చి పంపావు. పొడవు కొలిచా, ఎత్తు కొలిచా. పక్క అద్దాలు మడిచి ఉన్నాయి, వాటి జోలికి పోలేదు. వాటికి తొడిగే చెవులు ఎప్పుడూ ఆ గోడకి వేలాడే కొలత అట్ట ఆనించేగా కుడతాం, ముందు వైపు నుంచి లెక్కేసి? అలాగే కుట్టా. ఆ ముందు కాస్తా వెనకయింది.

ఇవాళ తొడిగి చూద్దును కదా, చెవులు తోక దగ్గర!

నవ్వుతావా? నవ్వు, నవ్వు. ఆ కారు కొన్న డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇదేంటమ్మా?" అంది. పారిపోదామా అంటే సగం కవరు కిందే ఉన్నాను. ఏం పూనిందో ఏమో, "మీరేమో పళ్ళ డాక్టరు, పళ్ళు లేని కారు కొనుక్కున్నారేంటండీ?" అనేశాను.

అవును, నేనే! చుట్టాలొస్తే వంటింట్లోంచి బయటికి రాని నేనే!

ఆవిడ కారుకి చేరగిలబడి మరీ నవ్వింది. నర్సుని పిలిచి నాచేత మళ్ళీ చెప్పించింది. లోపల కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్న పెద్దాయన కూడా మెడకి గుడ్డతోనే బయటికొచ్చాడు. "చెవులు సరిచెయ్యి. ముందు వైపు తెల్లగుడ్డతో పళ్ళు కూడా కుట్టు" అంది. వాళ్ళ చెల్లెలు కూడా ఇలాంటిదే కొందట, కొలతలకి నన్నే రమ్మంది.

ఏంటా చూపు? అన్నయ్య కాలు నయమైంది, ఇక టేపు ఆయనకే అంటావు, అంతేనా?

అను. షాపు నీది. అసలు సంగతి చెప్పనా? ఆ రోజు కొలిచేటప్పుడు డాక్టరమ్మ నా పక్కనే నిలబడి ఉంది. ముందు వైపు ఏదండీ అని ఒక్క మాట అడిగితే పోయేది. సిగ్గేసి అడగలేదు.

ఇప్పుడూ సిగ్గుగానే ఉంది. తల దించుకుని మిషను ముందు కూర్చుంటే నీకూ నాకూ హాయి. కొలతలకి నన్ను పంపకపోయినా ఫరవాలేదులే వదినా.

ఉహుఁ. ఫరవాలేదు కాదు. నాకు వెళ్ళాలనుంది.